లిస్బన్‌లో నేను అందివ్వని ఫోన్

ఒక అబద్ధాన్ని ఏళ్ళ తరబడి మోస్తున్నాను. దాన్ని మోస్తూనే ఆఫీసుకి వెళ్ళాను, ఇల్లు కొనుక్కున్నాను, స్నేహితుల పిల్లల పుట్టినరోజులకి వెళ్ళి నవ్వుతూ ఫొటోలు దిగాను. ఎవరికీ అనుమానం రాలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఇంత బరువు లోపల పెట్టుకున్నవాడి నడకలో ఏదో ఒక తేడా కనిపించాలి కదా? కనిపించలేదు. నేను మామూలుగానే నడిచాను. మామూలుగానే తిన్నాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. పేర్లు మార్చి చెబుతున్నాను. మిగతాదేదీ మార్చలేదు.

మేము నార్త్ కరొలైనాలో, క్యారీ అనే ఊళ్ళో ఉంటాం. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నా భార్య సుధ ఒక మందుల కంపెనీలో పనిచేస్తుంది. సుధకి ఒక్కతే అక్క, వసంత. ఆవిడా, భర్త రఘూ, కూతురు కావ్యా అరిజోనాలోని చాండ్లర్‌లో ఉండేవాళ్ళు. అక్కచెల్లెళ్ళిద్దరూ రోజూ మాట్లాడుకునేవాళ్ళు. రోజూ అంటే నిజంగా రోజూ. సుధ ఆఫీసు నుంచి డ్రైవ్ చేస్తూ మొదలుపెడితే, గరాజ్‌లోకి వచ్చి కారు ఆపేశాక కూడా లోపలే కూర్చుని మాట్లాడేది. నేను తలుపు తీసి చూసి, మళ్ళీ మెల్లగా వేసేసేవాణ్ణి.

మేము లిస్బన్ వెళ్ళిన ఏడాది మాకు పుట్టాల్సిన బిడ్డ పుట్టలేదు. ఆరో నెలలో పోయింది. ఆడపిల్ల. దాని గురించి ఇంతకంటే రాయలేను.

వసంత వదిన మర్నాడే విమానమెక్కి వచ్చింది. నెల పైనే ఉంది. సుధ తలకి నూనె రాసింది, అన్నం కలిపి ముద్దలు పెట్టింది, రాత్రిళ్ళు చెల్లెలి పక్కనే పడుకుంది. నేను పక్క గదిలో పడుకున్నాను. అదే మంచిదని అందరం అనుకున్నాం. నేనూ అనుకున్నాను. ఆ గదిలోంచి ఒక్కోసారి ఏడుపు వినపడేది, తర్వాత వదిన గొంతు సన్నగా వినపడేది, తర్వాత ఏడుపు ఆగేది. పోయింది నా బిడ్డ కూడా. కానీ నా దగ్గరకు వచ్చి ఏడ్చినవాళ్ళు లేరు, నేను వెళ్ళి ఏడవడానికి చోటూ లేదు.

వదిన వెళ్ళిపోయాక సుధ నాతో అవసరానికే మాట్లాడేది. పాలు తెచ్చావా, ట్రాష్ బయట పెట్టావా, అంతే. మమ్మల్ని ఎక్కడికైనా వెళ్ళి రమ్మన్నది వదినే. ఇండియా వద్దంది, అక్కడ కనిపించిన ప్రతివాళ్ళూ అడుగుతారంది. ఎవరూ తెలియని చోటికి వెళ్ళమంది. లిస్బన్ పేరు సుధే చెప్పింది. ఎందుకు లిస్బన్ అంటే, అక్కడ ట్రాములు పసుపు రంగులో ఉంటాయంది. కొన్ని నెలల తర్వాత తను నోరు తెరిచి ఒకటి కావాలని అడగడం అదే మొదటిసారి. వెంటనే బుక్ చేశాను.

మేము దిగిన రోజే వదినకి జ్వరమని తెలిసింది. చిన్నప్పటి నుంచీ ఆవిడకి ఉబ్బసం. న్యుమోనియా అని హాస్పిటల్‌లో చేర్చారట. సుధ హోటల్ వైఫైలో వీడియో కాల్ చేస్తే, వదిన ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతోనే నవ్వింది. రెండ్రోజుల్లో ఇంటికి పంపించేస్తారనీ, మొహం అలా వేలాడేసుకోవద్దనీ, రేపు ఊరంతా చూసి ఫొటోలు పంపమనీ చెప్పింది. సుధ స్థిమితపడింది. తన ఫోన్ హోటల్లో తప్ప బయట పనిచేసేది కాదు. రోమింగ్ నా ఒక్కడి ఫోన్‌కే తీసుకున్నాం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దీని మీదే నడిచింది.

మర్నాడు మంచి ఎండ. తెల్లటి, కడిగినట్టున్న ఎండ. పసుపు ట్రాము ఎక్కాం. ఆ సందులు ఎంత ఇరుకంటే, కిటికీలోంచి చెయ్యి చాపితే ఎవరి ఇంటి గోడో తగిలేది. గోడల నిండా నీలిరంగు పింగాణీ పలకలు. బాల్కనీల్లో ఆరేసిన బట్టలు. మలుపు దగ్గర ట్రాము కీచుమని అరిస్తే సుధ నా చెయ్యి పట్టుకుంది. మలుపు అయిపోయాక కూడా వదల్లేదు. నేను కదలకుండా కూర్చున్నాను. కదిలితే తీసేస్తుందేమో అని.

కొండ మీద పాత కోట ఉంది. అక్కడి నుంచి చూస్తే ఎర్ర పెంకుల కప్పులన్నీ దిగుతూ దిగుతూ వెళ్ళి నదిలో ఆగుతాయి. ఆ నది అక్కడ సముద్రమంత వెడల్పు. కోట లోపల నెమళ్ళు తిరుగుతున్నాయి. ఒకటి బెంచీ ఎక్కి, ఎవరిదో సాండ్‌విచ్ లాక్కుపోయింది. సుధ నవ్వింది. పెదవుల మీద నవ్వు కాదది, పొట్ట పట్టుకుని వంగిపోయే నవ్వు. పెళ్ళికి ముందు యూనివర్సిటీలో నన్ను పడేసిన నవ్వు. "వీడియో తీశావా? అక్కకి పంపాలి" అంటూ నెమలి వెనకాల పరిగెత్తింది.

అప్పుడు నా ఫోన్ మోగింది. రఘు. మా తోడల్లుడు. నేను అన్నయ్యా అని పిలుస్తాను. అరిజోనాలో ఇంకా తెల్లారలేదు.

"తమ్మీ, సుధ నీ పక్కకే ఉన్నదా?"

"ఏమైంది అన్నయ్యా?"

"వసంతకు ఊపిరి ఆడ్తలేదు. గొంతుల ట్యూబ్ ఏస్తమంటున్నరు. ఏసినంక మాట్లాడరాదు గదా. చెల్లెతోని ఒక్కసారి మాట్లాడ్తనంటున్నది. ఫోనియ్యి."

సుధ పిలిస్తే వినపడేంత దూరంలో ఉంది. గోడ మీద మోచేతులు ఆనించి, వంగి చూస్తోంది. గాలికి జుట్టు ఎగురుతోంది.

"ఇక్కడే ఎక్కడో ఉంది అన్నయ్యా. చూసి చేయిస్తాను."

"జల్ది, తమ్మీ."

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. సుధ దగ్గరకు నడిచాను. చెబుదామనే నడిచాను, ఇది నమ్మండి. తను వెనక్కి తిరిగింది. మొహంలో నవ్వు ఇంకా ఆరలేదు. ఎవరి ఫోనంది. ఆఫీసన్నాను.

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. అనుకుని అన్నది కాదు. కానీ అన్నాక వెనక్కి తీసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? కాదు సుధా, రఘు అన్నయ్య, మీ అక్క మాట్లాడుతుందట. ఇంతే కదా. నేను అనలేదు. ఇంకొంచెం సేపు, అనుకున్నాను. ఈ కోట దిగేదాకా. ట్యూబ్ వేయడం జాగ్రత్త కోసమే అయ్యుంటుంది, ఎంతమందికి వేసి తీసెయ్యలేదు, రేపు తీరిగ్గా మాట్లాడుకుంటారు అని నాకు నేను చెప్పుకున్నాను. దిగువకి నడుస్తున్నంతసేపూ, సైలెంట్‌లో పెట్టిన ఫోన్ జేబులో వణుకుతూనే ఉంది. నడుస్తున్న మనిషి తొడ మీద ఒక ప్రాణి కొట్టుకుంటున్నట్టు.

దారిలో ఒక చర్చి. చల్లగా, చీకటిగా ఉంది. ఒక మూల కొవ్వొత్తుల వరస. నిజం కొవ్వొత్తులు కావు, డబ్బాలో నాణెం వేస్తే వెలిగే చిన్న బల్బులు. సుధకి అది వింతగా తోచింది. తర్వాత మొహం మారింది. "ఒక నాణెం ఉంటే ఇవ్వు. అక్కకి జ్వరం తగ్గాలని వెలిగిస్తాను" అంది.

ఇచ్చాను. నా పర్సులోంచి తీసి నేనే ఇచ్చాను. తను కళ్ళు మూసుకుని చేతులు జోడించింది, మన గుళ్ళో లాగే. నేను బయటికి వెళ్ళి ఫోన్ ఎత్తాను.

రఘు గొంతు మారిపోయింది. "ఏమాయె తమ్మీ? వీళ్ళు ఇంక ఆగుతలేరు."

"చెప్పాను అన్నయ్యా. ఏడుస్తోంది. ఇప్పుడు మాట్లాడలేనంటోంది."

అటునుంచి ఏదో మెషిన్ చప్పుడు. ఎవరో ఇంగ్లీషులో తొందరగా మాట్లాడుతున్నారు.

"మాట్లాడదా?" అన్నాడు.

"తన వల్ల కావట్లేదు అన్నయ్యా."

"సరె" అని పెట్టేశాడు. నేను ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాను.

ఆ తర్వాత కూడా మేము ఊరు చూశామంటే మీరు నమ్ముతారా? చూశాం. దాల్చినచెక్క పొడి చల్లిన, కస్టర్డ్ నింపిన చిన్న పేస్ట్రీలు తిన్నాం. ఒక పెద్ద మఠంలో రాతి తీగలు చెక్కిన స్తంభాల మధ్య తిరిగాం. నది ఒడ్డున మెట్ల మీద కూర్చున్నాం. సుధ తల నా భుజం మీద వాల్చి, "థాంక్స్, ఇక్కడికి తీసుకొచ్చినందుకు" అంది. నేను తన తల నిమిరాను. నా చెయ్యి వణకలేదు.

సాయంత్రం హోటల్ లిఫ్ట్‌లో ఫోన్ మామూలు చేశాను. గదిలోకి వెళ్ళి, అప్పుడే చూసినవాడిలా, "సుధా, సిగ్నల్ లేనట్టుంది, రఘు అన్నయ్య మిస్డ్ కాల్స్ ఉన్నాయి" అన్నాను. ఎంత బాగా నటించానో. నిజంగానే అప్పుడే తెలిసినట్టు నా గుండె కొట్టుకుంది. సుధ రఘుకి చేస్తే అతను ఎత్తలేదు. అతని ఆఫీసు స్నేహితుడెవరో ఎత్తి, ట్యూబ్ వేశారనీ, తెలివి లేదనీ, రాగలిగితే రమ్మనీ చెప్పాడు.

మేము ఫీనిక్స్‌లో విమానం దిగి హాస్పిటల్ చేరేసరికి వదిన ఉంది. కానీ లేదు. సుధ మంచం పక్కన కూర్చుని చెవిలో మాట్లాడుతూనే ఉంది. కోట గురించీ, నెమలి గురించీ చెప్పింది. ఫొటోలు పంపలేదు అక్కా, వైఫై లేదు అక్కా అని చెప్పింది. మర్నాడు వదిన పోయింది.

అంత్యక్రియల రోజు రఘు అందర్నీ పట్టుకుని ఏడ్చాడు, సుధని తప్ప. తను దగ్గరకు వెళ్ళి, "బావా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టింది. ఆ ఒక్క వాక్యం పూర్తయితే అంతా బయటపడుతుంది. రఘు చెయ్యెత్తి ఆపాడు. "ఇప్పుడెందుకు సుధా అవన్ని" అని పక్కకు వెళ్ళిపోయాడు. వదిన దేహం ఎదురుగా ఉండగా నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. దేనికో మీకు అర్థమైంది కదా.

ఆ తర్వాత రెండు కుటుంబాల మధ్యా మాటలు ఎండిపోయాయి. సుధ ఫోన్ చేస్తే రఘు ముక్తసరిగా మాట్లాడేవాడు. కొన్నాళ్ళకి ఎత్తడం మానేశాడు. అక్క హాస్పిటల్‌లో ఉంటే ఊళ్ళు తిరిగానని బావకి కోపం, ఆ కోపంలో న్యాయముంది అని సుధ తీర్మానించుకుంది. ఆ శిక్షని నోరు మూసుకుని అనుభవించింది. లిస్బన్ ఫొటోలన్నీ తీసేసింది. అప్పుడప్పుడు, వంట చేస్తూనో కారులోనో, హఠాత్తుగా "మనకి తెలియదు కదా? తెలిసుంటే వెంటనే మాట్లాడేదాన్ని కదా?" అని అడిగేది. అవును, మనకి తెలియదు, అనేవాణ్ణి. మనకి. ఆ మాటలో నన్ను నేను తన పక్కన చేర్చుకునేవాణ్ణి.

ఎన్నిసార్లు చెబుదామనుకున్నాను? అనుకున్నానా, లేక అనుకుంటున్నానని అనుకుని తృప్తిపడ్డానా? ఇప్పటికీ తేల్చుకోలేను. చెప్పకుండా గడిచిన ప్రతి ఏడూ తర్వాతి ఏడు చెప్పడాన్ని ఇంకొంచెం కష్టం చేసింది.

కావ్య పెద్దదైంది. కాలేజీ కోసం ఇక్కడికే, మాకు దగ్గర్లోని యూనివర్సిటీకి వచ్చింది. రఘుకి ఇష్టం లేదట, పిల్ల పట్టుబట్టింది. వారాంతాల్లో మా ఇంటికి వచ్చేది. అక్క మళ్ళీ వచ్చినట్టు సుధ పొంగిపోయింది, దాని కోసం గుత్తి వంకాయ, పప్పుచారు వండేది. కావ్య తినేది, థాంక్స్ చెప్పేది, పిన్ని చెయ్యి వేస్తే కొంచెం బిగుసుకునేది.

ఒక శనివారం మధ్యాహ్నం దాన్ని హాస్టల్లో దింపడానికి డ్రైవ్ చేస్తున్నాను. "బాబాయ్, ఒకటి అడగనా? మ్యాడ్ అవ్వకు" అంది.

అడగమన్నాను.

"ఆ రోజు పిన్ని అమ్మతో ఎందుకు మాట్లాడలే? నేను అక్కడే ఉన్నా. ఇంట్లో ఎవరూ లేరని నాన్న నన్నూ తీసుకెళ్ళాడు. అమ్మ ఫోన్ ఇలా పట్టుకుని వెయిట్ చేసింది. నర్స్ తీసుకునేదాకా ఇవ్వలే."

నా చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయి. రోడ్డుకి రెండు పక్కలా పైన్ చెట్లు. అప్పుడు చెప్పొచ్చు. కారులో మేమిద్దరమే ఉన్నాం, పిల్ల నిజం అడిగింది, అంతకంటే మంచి అవకాశం మనిషికి దొరకదు. నేనేం చెప్పానో వినండి. "పిన్నికి భయం వేసిందమ్మా. అప్పటికే బేబీ పోయింది కదా. ఇంకో మాట వినే ధైర్యం లేకపోయింది" అన్నాను.

పుట్టని నా కూతుర్ని అడ్డం పెట్టుకున్నాను.

కావ్య కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. "ఓకే. ఐ గెట్ ఇట్" అంది.

మరుసటి వారం వచ్చింది. సుధ వంటింట్లో కొత్తిమీర తరుగుతోంది, నేను అక్కడే బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. కావ్య వెనకనుంచి వెళ్ళి గట్టిగా కావలించుకుంది. "ఇట్స్ ఓకే పిన్నీ. నీకు భయం వేసిందంట కదా. ఐ ఫర్‌గివ్ యూ" అంది.

సుధ నవ్వుతూ, "దేనికే?" అంది.

"అమ్మతో మాట్లాడనందుకు. ఆ రోజు."

"నేనెప్పుడు మాట్లాడనన్నాను?"

ఇద్దరూ నా వైపు చూశారు. అప్పుడు కూడా నా దగ్గర ఒక అబద్ధం తయారుగా ఉంది. రఘు అన్నయ్య కంగారులో పొరపాటుగా విన్నాడని చెప్పొచ్చు. నమ్మేవాళ్ళే. వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ సుధ మొహంలో, చెయ్యని తప్పుకి క్షమాపణ అందుకున్న మనిషి అయోమయం చూశాను. అది చూశాక ఆ వాక్యం ముందుకు కదల్లేదు.

"నాకు ఫోన్ వచ్చింది సుధా. పొద్దున్నే వచ్చింది. నీకు చెప్పలేదు. నువ్వే మాట్లాడనన్నావని చెప్పాను."

సుధ కత్తి పక్కన పెట్టింది. చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. "ఎక్కడున్నప్పుడు?" అంది.

"కోటలో."

"చర్చికి వెళ్ళకముందా?"

"ముందే."

ఇంకేమీ అడగలేదు. కావ్య చెయ్యి పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. అద్దం తలుపులోంచి చూశాను. ఫోన్ చేస్తోంది. ఎవరికో తెలుసు. మాటలు వినపడలేదు. కొంతసేపటికి గడ్డి మీద అలాగే కూలబడిపోయింది. కావ్య పక్కన కూర్చుని వీపు నిమిరింది. నేను తలుపు దాకా వెళ్ళి ఆగిపోయాను. అక్కడికి వెళ్ళే హక్కు నాకు లేదని మొదటిసారి స్పష్టంగా తెలిసింది.

మర్నాడు సుధ చాండ్లర్ వెళ్ళింది. అక్కడి నుంచే పనిచేస్తోంది. ఎప్పుడొస్తుందో చెప్పలేదు, నేనూ అడగలేదు. రఘు నన్ను తిట్టడానికైనా ఫోన్ చేయలేదు. కావ్య మా ఇంటికి రావడం మానేసింది.

భార్యకి చెప్పేశాను కదా, మరి మీకెందుకు ఇదంతా? ఎందుకంటే సుధ 'ఎందుకు' అని అడగలేదు. అడిగుంటే, నువ్వు నవ్వుతున్నావని, ఆ నవ్వు చెదరకూడదని, అనేవాణ్ణి. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నది అదే. వినడానికి ప్రేమలాగే ఉంటుంది.

అది నిజం కాదు. పూర్తి నిజం కాదు. వదిన చనిపోతుందని నాకు తెలియదు. కానీ ఆవిడకి సుధ కావాలని తెలుసు. ఫోన్ ఇచ్చిన క్షణంలో సుధ మళ్ళీ ఆవిడదైపోతుందనీ, నేను మళ్ళీ పక్క గదిలో మనిషినైపోతాననీ తెలుసు. ఆవిడ మీద నాకు అసూయ ఉండేది. మాకోసం నెల రోజులు నిద్ర మానుకున్న మనిషి మీద. చర్చి బయట, ఫోన్‌లో రఘు "మాట్లాడదా?" అని అడిగినప్పుడు, ఆ గొంతులో దెబ్బ తగిలినట్టు వినపడినప్పుడు, నాలో ఏదో గెలిచినట్టు కదిలింది. ఒక్క క్షణమే. కానీ కదిలింది. అది నాకు తెలుసు. ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. ఇప్పుడు మీకు తెలిసింది.

నన్ను క్షమించమని అడగడం లేదు. క్షమించాల్సినవాళ్ళలో ఒకరు లేరు, ఉన్నవాళ్ళని అడిగే మొహం నాకు లేదు. ఒక్క సంగతి మాత్రం దాచకుండా చెప్పాలి. సుధ వెళ్ళిపోయిన రోజు ఈ ఖాళీ ఇంట్లో నాకు ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది. ఎన్నో ఏళ్ళ తర్వాత. లేచాక గుండెల్లో ఎంత తేలిగ్గా ఉందంటే, సిగ్గేసింది. ఆ తేలిక నా ఒక్కడికే దక్కింది. నా బరువు ఇప్పుడు చాండ్లర్‌లో, అక్క లేని ఇంట్లో, సుధ మోస్తోంది.